దారం, రసమట్టం, అర మిల్లీమీటరు

తాపీ మేస్త్రి సంచి విప్పితే ఉండేవి కొద్దిపాటి సామాన్లే: రసమట్టం, తూకం గుండు, మూలమట్టం, దారపు ఉండ, నీళ్లు పోసి మట్టం చూసుకునే ట్యూబు. గోడ నిలువుగా లేస్తోందా, గచ్చు సమంగా వచ్చిందా, గది మూలలు కలిశాయా అన్నవన్నీ వాటితోనే తేలతాయి. అమెరికాలోనో ఇంగ్లండులోనో వారాంతాల్లో సొంత కారును రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్ల గ్యారేజీల్లోనూ దాదాపు ఇవే కనిపిస్తాయి. కారుకు రెండు పక్కలా దారాలు బిగించి, రిమ్ అంచుకు స్టీలు స్కేలు ఆనించి, నేల మీద గొంతుక్కూర్చుని అంకెలు రాసుకుంటుంటారు.

వాళ్లు చేస్తున్నది వీల్ అలైన్‌మెంట్. షాపులో కెమెరాలు, కంప్యూటరు ఉన్న యంత్రం మీద గంటలోపు అయిపోయే పని. దానికి ఇంట్లో ఒక పూటంతా ఎందుకు పెట్టాలి? దారంతో తీసిన కొలతను గంటకు 180 కిలోమీటర్ల వేగంలో నమ్ముకోవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు పరికరం ధరలో దొరకదు. ఏ పొరపాటు ఎంత తేడా తెస్తుందో లెక్క వేసుకుంటేనే దొరుకుతుంది. ఆ లెక్క తెలిసినవాళ్ల చేతిలో దారం చాలా దూరం వస్తుంది. తెలియనప్పుడు లేజర్ కూడా దారి తప్పిస్తుంది.

మూడు కోణాలు

అలైన్‌మెంట్ అంటే ప్రధానంగా మూడు కోణాలు. కారును పైనుంచి చూస్తే చక్రాలు కాలి వేళ్లు లోపలికి తిప్పి నడిచే మనిషిలా ఉంటే టో-ఇన్, బయటికి తిరిగి ఉంటే టో-అవుట్. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం కారు వైపు ఒరిగితే నెగటివ్ క్యాంబర్, బయటికి ఒరిగితే పాజిటివ్. పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉండేది ఇందుకే. చేతులు వదిలినా చక్రం నేరుగా ఉండాలని చూస్తుంది.

రోడ్డు కారుకు కంపెనీలు క్యాంబర్‌ను సాధారణంగా సున్నాకు దగ్గరగా పెడతాయి. టైరు నిండుగా అరగాలి, ఎక్కువ కాలం రావాలి. ట్రాక్ మీద లెక్క మారుతుంది. మలుపులో కారు ఒళ్లు బయటి పక్కకు వాలుతుంది, దాంతోపాటే చక్రమూ వాలి టైరు బయటి భుజం మీద నిలబడుతుంది. ముందుగానే చక్రాన్ని లోపలికి ఒరిగించి పెడితే, సరిగ్గా బరువు పడే క్షణానికి టైరు నిండుగా నేలకు ఆనుతుంది. ట్రాక్ కార్లు మైనస్ 2.5, మైనస్ 3 డిగ్రీల దాకా వెళ్లేది అందుకే.

అలాగని ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. 2011 ఆగస్టులో బెల్జియం గ్రాండ్ ప్రి క్వాలిఫయింగ్ ముగిశాక రెడ్‌బుల్ కార్ల ముందు టైర్ల మీద పొక్కులు లేచాయి. టైర్లు తయారుచేసిన పిరెల్లి ముందు చక్రాల క్యాంబర్ 4 డిగ్రీలు దాటవద్దని సూచించింది, జట్టు అంతకు మించి పెట్టింది. సెబాస్టియన్ వెటెల్ ఆ రేసు గెలిచాడు కానీ, తొలి ల్యాపుల్లోనే టైర్లు మార్చుకోక తప్పలేదు. పదో వంతు డిగ్రీలు అక్కడ అంత పెద్ద చర్చయ్యాయి.

టో సంగతి ఇంకా సున్నితం. ఒక చక్రం పావు డిగ్రీ, అంటే 15 నిమిషాల కోణం పక్కకు తిరిగి ఉందనుకుందాం. ప్రతి కిలోమీటరుకు ఆ టైరు దాదాపు 4.4 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టే. ట్రాక్ మీద ఆ రాపిడి వేడవుతుంది, అరుగుదలవుతుంది, కారు స్వభావమే మారిపోతుంది. ముందు చక్రాలకు కాస్త టో-అవుట్ ఉంటే కారు మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. వెనుక చక్రాలకు కాస్త టో-ఇన్ ఉంటే బ్రేకు మీద తోక ఊగకుండా నిలకడగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో బార్సిలోనా పరీక్షల్లో లూయిస్ హామిల్టన్ స్టీరింగ్‌ను తనవైపు లాగడం కెమెరాకు చిక్కినప్పుడు ఫార్ములా వన్ అంతా ఉలిక్కిపడింది. మెర్సిడెస్ ఆ ఏడాది కారులో ముందు చక్రాల టోను నడుస్తుండగానే మార్చే ఏర్పాటు చేసింది. 2021 నుంచి దాన్ని నిషేధించారు. మామూలు ట్రాక్ కారు యజమానికి ఆ వసతి లేదు. మలుపుకీ నేరు దారికీ మధ్య ఒకే ఒక్క టో ఎంచుకుని, దాన్ని స్పానరుతో బిగించాల్సిందే.

షాపు యంత్రం బలం, పరిమితి

షాపు యంత్రాన్ని తీసిపారేయడానికి లేదు. నాలుగు చక్రాలకు తగిలించిన పలకలను కెమెరాలు చూస్తూ ఉంటే మూడు కోణాలూ ఒకేసారి తెర మీదికి వస్తాయి. రిమ్ వంకరను కూడా లెక్కలోంచి తీసేస్తుంది. లిఫ్టు మట్టంగా ఉండి, యంత్రాన్ని వేళకు సరిచూస్తూ ఉంటే ఇంటి పద్ధతి దాని వేగాన్ని అందుకోలేదు.

చిక్కు వేరేచోట ఉంది. తెర మీద ఆకుపచ్చ రంగు వస్తే పని అయిపోయినట్టు. ఆ ఆకుపచ్చ కంపెనీ రోడ్డు కోసం ఇచ్చిన హద్దు. ట్రాక్‌కు మైనస్ 3 డిగ్రీలు పెడితే అదే తెర ఎర్రబడుతుంది. పైగా డ్రైవరు బరువు సీట్లో వేసి కొలిచే ఓపిక రద్దీ షాపులో ఉండదు. అన్నిటికంటే పెద్ద కారణం, ట్రాక్ కారుకు అలైన్‌మెంట్ ఏడాదికోసారి చేయించే పని కాదు. స్ప్రింగులు మారిస్తే మారుతుంది, కారు ఎత్తు ఒక సెంటీమీటరు దించితే మారుతుంది, ట్రాక్ అంచు గట్టు మీదికి గట్టిగా ఎక్కితే మారుతుంది. ప్రతిసారీ షాపుకు పరుగెత్తేవాళ్లు నెమ్మదిగా కొలవడమే మానేస్తారు.

ముందు నేల

ఇంటి కొలతల్లో ఎక్కువ తప్పులు నేల దగ్గరే పుడతాయి. క్యాంబర్‌ను గురుత్వాకర్షణతో పోల్చి కొలుస్తాం కాబట్టి నేల వాలు నేరుగా అంకెలోకి వచ్చి కూర్చుంటుంది. చక్రాల మధ్య దూరం 1.41 మీటర్లున్న కారు కింద నేల ఒక పక్క సెంటీమీటరు పల్లంగా ఉంటే 0.4 డిగ్రీల తేడా వస్తుంది. ఒక చక్రానికి అది కలుస్తుంది, ఎదుటి చక్రానికి తగ్గుతుంది. రెండు పక్కలూ సమానంగా సర్దామనుకున్న కారులో నిజానికి 0.8 డిగ్రీల వ్యత్యాసం మిగిలిపోతుంది. మన ఇళ్ల పోర్టికోలు వాననీళ్లు పోయేందుకు కావాలనే వాలుగా వేస్తారు. అక్కడ ఇది ఇంకా ఎక్కువ.

మందు పాతదే. ట్యూబులో నీళ్లు పోసి నాలుగు చక్రాల చోటా మట్టం గుర్తు పెట్టుకోవాలి. పల్లంగా ఉన్న చోట పలచని ఫ్లోరింగ్ ముక్కలో ప్లైవుడ్ ముక్కలో పేర్చి లేపాలి. ఆ నాలుగు చోట్లూ పెయింటుతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ కొలిచే అవసరం రాదు. అదీ కుదరకపోతే కొలత అంతా పూర్తిచేసి, కారును తిప్పి ఎదుటి దిక్కుగా అదే చోట నిలిపి మళ్లీ కొలిచి, రెండింటి సగటు తీసుకోవచ్చు. నేల వాలు ఒకసారి కలిసి ఒకసారి తగ్గి కొట్టుకుపోతుంది.

కారునూ సిద్ధం చేయాలి. నాలుగు టైర్లలో ట్రాక్ మీద వాడే గాలి, ట్యాంకులో సగటు పెట్రోలు, డ్రైవరు సీట్లో డ్రైవరంత బరువు. టెక్సస్ గ్యారేజీలో ఉన్న తెలుగువాడికైనా హైదరాబాద్ పోర్టికోలో ఉన్నవాడికైనా ఇందుకు బియ్యం మూటలు పనికొస్తాయి. తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి, ఆపైన రెండు పక్కలా పట్టుకుని ఊపాలి. టక్‌టక్ మంటే బాల్ జాయింటో, టై రాడ్ ఎండో, బేరింగో అరిగిందని అర్థం. లూజుగా ఉన్న జాయింటును కొలిచి లాభం లేదు, ముందు అది మార్చాలి.

దారం పని తీరు

కొలతను దగ్గర నుంచి చూడటానికి మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం కారు కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1989లో షికాగో ఆటో షోలో వెలుగు చూసిన ఈ రెండు సీట్ల కారు అమెరికాలో మియాటా పేరుతో ట్రాక్ డేలకు ఇష్టమైన కారుగా స్థిరపడింది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, కింది ఆర్ములకు క్యామ్ బోల్టులు. ఏ కోణమైనా ఇంట్లో స్పానరుతో మార్చుకోగలిగేలా కంపెనీయే ఇచ్చింది.

కారు వెడల్పుకు మించిన రెండు గొట్టాలు తీసుకుంటారు. రెండింటి మీదా సరిగ్గా ఒకే దూరంలో రంపంతో గాట్లు పెడతారు, 1,900 మి.మీ. అనుకుందాం. ఒక గొట్టం కారు ముందు, ఒకటి వెనుక, హబ్ మధ్య ఎత్తులో. గాట్లలోంచి రెండు పక్కలా దారాలు బిగించి లాగుతారు. గాట్ల దూరం సమానం కాబట్టి దారాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. ఇప్పుడు గొట్టాలను అటూ ఇటూ జరుపుతూ ముందు ఎడమ హబ్‌కూ ముందు కుడి హబ్‌కూ దారం సమాన దూరంలో ఉండేలా, వెనుక కూడా అలాగే ఉండేలా సర్దుతారు. దాంతో దారాల చట్రం కారు నడిమి గీతతో కలుస్తుంది.

కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు. ముందు హబ్‌కూ వెనుక హబ్‌కూ దారం ఒకే దూరంలో ఉండాలనుకుంటారు. ఈ కారులో వెనుక చక్రాల మధ్య దూరం ముందు కంటే ఎక్కువ, ఒక్కో పక్క సెంటీమీటరుకు కాస్త తక్కువ తేడా. దాన్ని మరిచి దారాన్ని నాలుగు హబ్‌లకూ సమానంగా లాగితే దారమే దాదాపు 14 నిమిషాలు వంకరవుతుంది. ప్రతి చక్రమూ లేని టో-అవుట్ చూపిస్తుంది. దాన్ని సరిచేయబోయి మంచి కారును చేజేతులా పాడుచేసుకుంటారు.

చట్రం కుదిరాక ప్రతి చక్రానికీ రెండు కొలతలు: దారం నుంచి రిమ్ ముందు అంచుకు, దారం నుంచి రిమ్ వెనుక అంచుకు. ముందు 152.5, వెనుక 151 వచ్చిందంటే చక్రం ముందు భాగం దారానికి దూరంగా జరిగి లోపలికి తిరిగింది. టో-ఇన్ 1.5 మి.మీ. ట్రాక్ కోసం ఎక్కువమంది వేసే 15 అంగుళాల రిమ్ బయటి అంచు వ్యాసం సుమారు 415 మి.మీ. కాబట్టి ఒక్కో మిల్లీమీటరు 8 నిమిషాల కోణం. పైన వచ్చిన అంకె 12 నిమిషాలన్నమాట.

ఈ లెక్కే దారం బలాన్నీ బలహీనతనూ బయటపెడుతుంది. దారం ఒక కొసన ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా, ఇరుసుల మధ్య ఉన్న 2,265 మి.మీ. పొడవు మీద అది ఒకటిన్నర నిమిషమే. పట్టించుకోనక్కర్లేదు. రిమ్ దగ్గర స్కేలు అర మిల్లీమీటరు తప్పు చదివితే మాత్రం 4 నిమిషాలు. అందుకని దారం కట్టడంలో గంటలు గడపడం కంటే స్కేలు చదవడంలో కన్ను పెట్టడం మేలు. సన్నటి నైలాన్ దారం, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, దారానికి తగలకుండా దాని కిందికి తెచ్చిన స్కేలు, తల కదపకుండా ఒంటి కంటితో చూపు. ఒకే కొలత మూడుసార్లు తీస్తే మూడూ అర మిల్లీమీటరులోపు రావాలి. రాకపోతే ఎక్కడో ఏదో కదులుతోంది.

రిమ్ వంకర ఇంకో దొంగ. గట్టు ఎక్కి దిగిన రిమ్ ఒక మిల్లీమీటరు వంగినా 8 నిమిషాలు తేడా వస్తుంది. కారును చక్రం సగం చుట్టు తిరిగేంత, అంటే 90 సెంటీమీటర్లకు కాస్త పైగా ముందుకు నెట్టి మళ్లీ కొలిచి సగటు తీసుకుంటే ఆ వంకర పోతుంది. గొట్టాలను స్టాండ్ల మీద కాకుండా కారుకే బిగిస్తే దారాలు కారుతో పాటు కదులుతాయి, ఈ పని తేలికవుతుంది.

మిగతా పద్ధతులు

టో ప్లేట్లు దారం కంటే తేలిక. రెండు నిటారు రేకు పలకలను ఎడమ, కుడి చక్రాలకు ఆనించి, ముందొకటి వెనుకొకటి టేపులు లాగి తేడా చూస్తే చాలు, అయిదు నిమిషాల పని. కొలిచే పొడవు టైరు వ్యాసమంత ఉంటుంది కాబట్టి అర మిల్లీమీటరు తప్పు 3 నిమిషాలకు తగ్గుతుంది. ముందు చక్రాలకు ట్రాక్ దగ్గర ఇంతకంటే వేగమైన సాధనం లేదు. దానికి ఒక పెద్ద లోటుంది. రెండు చక్రాల మొత్తం టో చెబుతుంది తప్ప ఏ చక్రం ఎంతో చెప్పదు. వెనుక చక్రాలు రెండూ ఒకే పక్కకు తిరిగి ఉంటే మొత్తం సున్నా అని చూపిస్తుంది. ఆ కారు మాత్రం రోడ్డు మీద పీతలా ఏటవాలుగా నడుస్తుంది. వెనుక ఇరుసు దిక్కు తేలాలంటే దారమో నాలుగు చక్రాల యంత్రమో ఉండాల్సిందే.

లేజర్ చూడటానికి ఆధునికంగా ఉంటుంది. చవక లేజర్లలో కాంతి గీత పెట్టెకు సమాంతరంగా ఉంటుందన్న నమ్మకం లేదు. నాలుగు మీటర్ల దూరంలో చుక్క మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుకు పరుచుకుంటే దాని నడిమిని కంటితో ఊహించాలి. పెట్టెను తలకిందులుగా తిప్పి చుక్క అదే చోట పడుతుందో లేదో చూడనివాళ్లు లేజర్ జోలికి పోకపోవడమే మంచిది.

క్యాంబర్‌కు మాత్రం అయస్కాంతం ఉన్న చిన్న డిజిటల్ యాంగిల్ గేజ్ నిజంగా పని సులువు చేసింది. రిమ్ పై అంచుకూ కింది అంచుకూ ఒక పట్టీ ఆనించి, దానికి గేజ్ తగిలిస్తే పదో వంతు డిగ్రీలో అంకె వస్తుంది. ముందుగా ఎదురెదురు టైర్ల మధ్య నేల మీద వేసిన తిన్నటి పట్టీ మీద గేజ్‌ను సున్నా చేసుకుంటే ఆ నేల వాలు కూడా లెక్కలోంచి పోతుంది. గేజ్ లేకపోతే తూకం గుండు ఉంది. 415 మి.మీ. రిమ్‌కు ఒక డిగ్రీ అంటే దారం నుంచి పై అంచుకూ కింది అంచుకూ 7.2 మి.మీ. తేడా. ఫోన్‌లోని కోణం చూపే యాప్ కూడా పనికొస్తుంది కానీ, వెనుక కెమెరా ఉబ్బు పట్టీకి తగలకుండా చూసుకోవాలి.

క్యాస్టర్‌ను నేరుగా కొలవలేం, లెక్కగట్టాలి. చక్రాన్ని బయటికి 20 డిగ్రీలు తిప్పి ఒకసారి, లోపలికి 20 డిగ్రీలు తిప్పి ఒకసారి క్యాంబర్ చూసి, తేడాను ఒకటిన్నరతో హెచ్చిస్తే దాదాపు క్యాస్టర్ వస్తుంది. ఒకవైపు మైనస్ 0.6, ఇంకోవైపు మైనస్ 4.0 వస్తే తేడా 3.4, క్యాస్టర్ 5.1. చక్రం సులువుగా తిరగడానికి టైరు కింద మధ్యలో గ్రీజు పూసిన రెండు రేకులు చాలు. జాకీ దించాక సస్పెన్షన్ తన స్థానానికి రావడానికీ ఆ రేకులే సాయం. అవి లేకుండా దించిన చక్రం నేలను పట్టుకుని లోపలికి ముడుచుకునే ఉంటుంది. అప్పుడు కొలిచిన క్యాంబర్ అబద్ధం. కారును నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నెట్టాకే కొలవాలి.

మార్చే వరస

కొలవడం ఒక ఎత్తు, మార్చడం ఇంకో ఎత్తు. ఎంఎక్స్-5 వెనుక ఆర్ములో రెండు క్యామ్ బోల్టుల్లో ఏది తిప్పినా క్యాంబర్, టో రెండూ కదులుతాయి. అందుకే వరస తప్పకూడదు: ముందు వెనుక చక్రాలు, తర్వాత ముందు చక్రాల క్యాస్టర్, క్యాంబర్, చిట్టచివర ముందు టో. క్యాంబర్ మార్చిన ప్రతిసారీ టో మారుతుంది, ముందు చక్రాల టో మార్చితే మాత్రం క్యాంబర్ పెద్దగా మారదు.

ముందు టో కోసం స్టీరింగ్‌ను నేరుగా పెట్టి కదలకుండా కట్టేయాలి. మలుపులో లోపలి చక్రం ఎక్కువ, బయటి చక్రం తక్కువ తిరిగే ఏర్పాటు గుర్రబ్బండ్ల కాలం నాటిది. 1818లో రుడాల్ఫ్ ఆకర్మన్ లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ గుణం వల్ల స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉన్నప్పుడు తీసిన టో లెక్కకు రాదు. ఇక ముందు టోను మార్చే టై రాడ్. మర ఒక చుట్టుకు 1.5 మి.మీ., స్టీరింగ్ ఆర్మ్ 130 మి.మీ. ఉన్న కారులో పావు చుట్టు తిప్పితే దాదాపు 10 నిమిషాలు మారిపోతుంది. లాక్‌నట్ బిగించేటప్పుడు రాడ్ దానితో పాటే కాస్త తిరగడం మామూలే. బిగించాక మళ్లీ కొలవని అలైన్‌మెంట్ సగం పని.

ఎంఎక్స్-5 ఇచ్చిన స్వేచ్ఛ అన్ని కార్లలో లేదు. 2010లో మన దేశంలో మొదలైన పోలో కప్‌తో రేసుల్లో పేరు తెచ్చుకున్న ఫోక్స్‌వ్యాగన్ పోలో, ఔత్సాహికుల చేతుల్లో విరివిగా కనిపించే మారుతి స్విఫ్ట్ రెండూ ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనుక టార్షన్ బీమ్ ఉన్న కార్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇంట్లో మార్చగలిగేది ముందు టో ఒక్కటే. ముందు క్యాంబర్ కోసం స్ట్రట్ దగ్గర క్యామ్ బోల్టు వేస్తే ఒక డిగ్రీ చుట్టుపక్కల దొరుకుతుంది. ఇంకా కావాలంటే పైన క్యాంబర్ ప్లేట్లు. వెనుక అయితే బీముకూ స్టబ్ యాక్సిల్‌కూ మధ్య పలచని షిమ్‌లు పెట్టాల్సిందే. ఇలాంటి కారులో వెనుక కొలత తీయడం దండగ అనుకోకూడదు. బీము వంగిందో లేదో చెప్పేది ఆ కొలతే.

ట్రాక్ మీద సరిచూడటం

గ్యారేజీలో పెట్టిన అంకె సరైనదో కాదో తేల్చేది టైరే. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. 1990లో మొదలైంది, నెల్లూరు, తిరుపతి వాళ్లకు తెల్లవారుజామున బయల్దేరితే పొద్దున సెషన్‌కు అందేంత దగ్గర. అక్కడ అయిదారు ల్యాపులు గట్టిగా నడిపి, చల్లార్చే ల్యాపు వేయకుండా నేరుగా పిట్స్‌లోకి రావాలి. సూది గుచ్చే థర్మామీటరుతో ప్రతి టైరునూ మూడుచోట్ల, లోపలి అంచు, నడుమ, బయటి అంచు, రబ్బరు లోపలికి గుచ్చి చూడాలి. పైపైన చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఇందుకు సరిపోదు, రబ్బరు పైపొర క్షణాల్లో చల్లారిపోతుంది. లోపలి అంచు కాస్త వేడిగా ఉండటం సహజం. బయటి అంచే ఎక్కువ వేడిగా ఉంటే నెగటివ్ క్యాంబర్ చాలలేదు. లోపలి అంచు మరీ ఎక్కువగా కాలుతుంటే క్యాంబర్ ఎక్కువైంది, లేదా టో-అవుట్ మితిమీరింది. నడుమ ఒక్కటే వేడెక్కితే గాలి ఎక్కువైంది.

అక్కడి నుంచి ఇంటికి తెచ్చుకునేది ఒక నోటుపుస్తకంలో రెండు వరసలు: పన్నెండు ఉష్ణోగ్రతలు, వాటి పక్కన ఆ రోజు పెట్టిన క్యాంబర్, టో, గాలి. తర్వాతి ఆదివారం పోర్టికోలో పెయింటు గుర్తుల మీదికి కారు వస్తుంది, సీట్లోకి బియ్యం మూటలు ఎక్కుతాయి, దారాలు బిగుస్తాయి. ముందు ఎడమ చక్రం బయటి అంచు వేడిగా ఉందని రాసుకున్న చోట ఈసారి క్యాంబర్‌ను మైనస్ 2.5 నుంచి మైనస్ 2.8కి తెచ్చి, టోను మళ్లీ సున్నాకు సర్ది, లాక్‌నట్ బిగించాక ఇంకోసారి స్కేలు ఆనిస్తారు: ముందు 151.5, వెనుక 151.5.